టైరు ఆయుష్షూ, నా పొదుపూ



ఛందస్సు, నిఘంటువులు, పాత పుస్తకాలు తప్ప మరొకటి వ్రాయని నేను ఈసారి రబ్బరు టైర్ల గురించి వ్రాయబోతున్నాను. పంతులుగారికి ఇదేమి బుద్ధి పుట్టిందని మీరు నవ్వుకొన్నా సరే. ఈ వ్యవహారంలో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. ఊరికే దిగమింగుకోవడం కంటే నలుగురితో చెప్పుకోవడం నయమనిపించి వ్రాస్తున్నాను.

మూడు నెలలుగా టెక్సాస్ రాష్ట్రంలో, శాన్ ఆంటోనియో నగర శివార్లలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. ఇక్కడ పికప్ ట్రక్కు అంటే మన ఊళ్ళలో మార్కెట్టుకు కూరగాయలు తెచ్చే సరుకుబండి కాదు. డాక్టరూ, ప్లీడరూ, సాఫ్ట్‌వేరు ఇంజనీరూ కూడా దానిలోనే కచేరీకి పోతారు. ఫోర్డువారి ఎఫ్-శ్రేణి 1977 నుంచి ఈ దేశంలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోతున్న ట్రక్కు శ్రేణి అంటే వీరికి దానిపై ఎంత మక్కువో ఊహించుకోండి. మావాడిదీ అందులోని ఎఫ్-150యే. వెనుక తొట్టి సంవత్సరంలో పదినెలలు ఖాళీ. దాని టైర్లు మాత్రం కొండలెక్కడానికి బయలుదేరినట్లు ఎత్తయిన గడ్డలతో, లోతైన గాడులతో ఉంటాయి. వాటిని 'ఆల్ టెరెయిన్' టైర్లంటారు. అంటే సర్వభూములకూ తగినవని.

నేను వచ్చిన వారానికి మావాడు, "నాన్నా, టైర్లు మార్చాలి, వెయ్యి డాలర్ల దాకా అవుతుంది" అన్నాడు. నేను వాకిట్లోకి వెళ్ళి వంగి చూశాను. గాడులు కనబడుతూనే ఉన్నాయి. "ఏరా, ఇంకా ఇంత రబ్బరు పెట్టుకొని మారుస్తావా? మరో ఆరు నెలలు నడవవూ?" అన్నాను. సైకిలు టైరు చిరిగితే లోపల పాత టైరు ముక్క ఆనించి మరో రెండేళ్ళు బడికి తొక్కినవాణ్ణి నేను. నున్నగా అరిగిన లారీ టైరుకు కొత్త రబ్బరు అతికించి మళ్ళీ నడిపించడం చూస్తూ పెరిగినవాణ్ణి. వాడు నా మాట కాదనలేక ఊరుకొన్నాడు.

మూడు వారాల తరువాత ఒక శనివారం. చాలా రోజుల ఎండ తరువాత వాన మొదలై పావుగంట అయి ఉంటుంది. పెద్దరోడ్డు నుంచి పక్కకు దిగే వంపులో ట్రక్కు వెనుక భాగం ఒక్కసారిగా ఎడమకు జారింది. మావాడు స్టీరింగు సరిచేశాడు, అది కుడికి జారింది. చివరకు రోడ్డు దిగి గడ్డిలో అడ్డంగా నిలిచింది. వెనుక సీట్లో నేనూ, నా పక్కన ఏడేళ్ళ మనవరాలూ. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "తాతయ్యా, ట్రక్కు ఎందుకు డాన్సు చేసింది?" అని అడిగింది ఆ పిల్ల. నాకు మాట రాలేదు. కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టమయింది.

ఆ సాయంత్రం మావాడు కొద్ది డాలర్లకు దొరికే లోతుకొలత పుల్ల ఒకటి కొనితెచ్చాడు. ఈ దేశంలో టైరు గాడి లోతును అంగుళంలో ముప్పైరెండో వంతులతో కొలుస్తారు. ముందు టైర్లు రెంటికీ 32లో 4 వంతులు, వెనుకవాటికి 32లో 3 వంతులు తేలింది. ఇక్కడి చట్టం ప్రకారం కనీసం 32లో 2 వంతులు ఉండాలి. మన దేశంలో కార్లకు చెప్పే 1.6 మిల్లీమీటర్లూ దాదాపు అంతే. అంటే చట్టం దృష్టిలో మా టైర్లు నిర్దోషులు. నా మాటా నిర్దోషమే. ట్రక్కు మాత్రం గడ్డిలో ఉన్నది.

అప్పటినుంచి ఈ విషయం మీద చదివీ, మావాడితో వాదించీ, దుకాణాలు తిరిగీ నేను చేరుకొన్న అభిప్రాయం ఇది. తారురోడ్డు మీద ఎక్కువగా తిరిగే ట్రక్కుకు 'ఎక్కువకాలం మన్నే' టైరు కావాలనుకొనేవాడు ముందుగా మన్నిక అనే మాటకు అర్థం తేల్చుకోవాలి. రబ్బరు పూర్తిగా అరిగే దాకా ఉన్న కాలం ఆయుష్షు కాదు. వానలో నేలను పట్టుకొన్నంత కాలమే ఆయుష్షు. ఆ లెక్కన చూస్తే మనం కొనే టైరూ మారుతుంది, పారవేసే రోజూ మారుతుంది.

ముందు పేరు సంగతి. తర్కశాస్త్రంలో లక్షణం చెప్పేటప్పుడు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అని మూడు దోషాలు చెబుతారు. 'సర్వభూమి' అన్న ఈ పేరుకు అతివ్యాప్తి దోషం పట్టింది. అన్ని నేలలకూ సరిపోయేదంటే ఏ నేలకూ ప్రత్యేకించి సరిపోనిదని కూడా అర్థం. బురదకు, రాళ్ళకు కావలసింది దూరదూరంగా ఉన్న గడ్డలు, వాటి నడుమ వెడల్పయిన ఖాళీలు. తారుకు కావలసింది నేలకు ఆనే రబ్బరు. ఖాళీ ఎంత పెరిగితే ఆనే రబ్బరు అంత తగ్గుతుంది. పైగా ఎత్తయిన ఒంటరి గడ్డ తారుకు తగిలినప్పుడు వంగుతుంది, వదిలేటప్పుడు జారుతుంది. ప్రతి చుట్టుకూ ఇదే తంతు. ఆ కదలికకు వేడి పుడుతుంది, గడ్డ అంచు ఒకవైపే అరుగుతుంది, కొన్నాళ్ళకు రంపం పళ్ళలాగా తయారవుతుంది. ట్రక్కులో కూర్చొంటే తుమ్మెద రొద వంటి మోత వినిపిస్తుందే, అది దీనివల్లనే. కనుక లోతు ఎక్కువగా ఉన్న టైరు ఎక్కువకాలం నడుస్తుందన్న లెక్క తారు మీద చెల్లదు. ఆ లోతే దానిని వంచి అరగదీస్తుంది.

మరి అసలు ఆ టైరు మావాడికి ఎందుకు? నేను కాగితం పెన్ను పట్టుకొని కూర్చొన్నాను. ఆఫీసుకు పోనురానూ రోజుకు 56 మైళ్ళు. అంతా సిమెంటు, తారు. ఇక్కడికి వాయవ్యంగా కొండప్రాంతంలో వాడు, వాడి స్నేహితుడు కలిసి కొన్న పదెకరాల నేల ఉన్నది. నెలకు రెండుసార్లు పోతాడు. అక్కడ ఆఖరి ఒకటిన్నర మైలు మాత్రం సున్నపురాయి కంకర దారి. 'కలీచే' అంటారు, మన మొరం దారికి తెల్లని చుట్టం అనుకోండి. పోనురానూ మూడు మైళ్ళు, ఏడాదికి 72 మైళ్ళు. మొత్తం తిరుగుడు 15,000 మైళ్ళు. అంటే రెండువందల మైళ్ళకు ఒక్క మైలు. ఆ ఒక్క మైలు కోసం తక్కిన నూటతొంభైతొమ్మిది మైళ్ళూ మోత వింటూ, ఎక్కువ పెట్రోలు కాలుస్తూ, వానలో భయపడుతూ పోవాలా అన్నది నా ప్రశ్న.

"ఆ ఒక్క మైలులో టైరు పక్కగోడ కోసుకుపోతే ఫోను కూడా అందదు నాన్నా" అన్నాడు వాడు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. ఒకసారి నన్ను తీసుకుపోయి చూపించాడు. పదునైన రాళ్ళు పైకి తేలి ఉన్నాయి. వాన పడితే ఆ తెల్లమట్టి సబ్బు రాసినట్లవుతుందట. ఈ రాష్ట్రంలో పల్లెలనూ పొలాలనూ కలిపే 'ఫామ్ టు మార్కెట్' దారులు 40,000 మైళ్ళకు పైగా ఉన్నాయి. అవి తారువే అయినా చాలాచోట్ల తారు మీద చిన్న కంకర చల్లి అణచినవి. గరుకు కాగితం వలె రబ్బరును తింటాయి. కనుక తారుకే తగిన హైవే టైరు చాలునన్న నా మొదటి వాదాన్ని సగం వెనక్కు తీసుకొన్నాను. కంకర దారి ఎక్కని ట్రక్కు అయితే మాత్రం ఆ వాదం ఇప్పటికీ నాదే. చూపుల కోసం గడ్డల టైరు వేసుకోవడం పెళ్ళికి పోతూ గొడుగు, గొంగళి, గడ్డపార తీసుకుపోవడం వంటిది.

ఇక సర్వభూమి టైర్లలోనూ రకాలున్నాయి. ఉగ్రరూపులూ ఉన్నాయి, శాంతమూర్తులూ ఉన్నాయి. శాంతమూర్తుల్లో మధ్యభాగపు గడ్డలు దగ్గర దగ్గరగా ఉండి, వాటి మీద కత్తితో గీసినట్లు సన్నని చీలికలు నిండుగా ఉంటాయి. తడిరోడ్డును పట్టుకొనేవి ఆ చీలికలే. కొన్ని టైర్లకు ఈ చీలికలు పైపైనే ఉండి, సగం అరిగేసరికి మాయమవుతాయి. కొనేముందు చీలికలో గోరు దింపి చూడమని నా సలహా. లోపలి వరకూ ఉన్న చీలిక చివరిదాకా పనిచేస్తుంది.

దీనికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఒకే పేరు, ఒకే కొలత గల టైరు రెండు జాతులుగా దొరుకుతుంది. మావాడి ట్రక్కు కొలత 275/65ఆర్18. దీనిలో ప్రయాణికుల బండి జాతి ఒకటి, ముందు 'ఎల్‌టీ' అని వ్రాసి ఉండే బరువుబండి జాతి మరొకటి. మొదటిదాని బరువు సూచిక 116, అంటే టైరుకు 1,250 కిలోలు. రెండవది 'ఇ' తరగతిలో 123, అంటే 1,550 కిలోలు. దుకాణంలో అబ్బాయి మాకు రెండవదే అంటగట్టబోయాడు. "గట్టిది సార్, ట్రక్కు కదా" అన్నాడని మావాడు అనువదించి చెప్పాడు. పాత టైర్లూ ఆ జాతివే. గట్టిదన్న మాట నిజమే. అయితే మాకు అంత గట్టితనం కావాలా? తలుపు పక్కన అంటించిన చీటీ చూడమన్నాను. సరుకుతో సహా ట్రక్కు మొత్తం బరువు 7,000 పౌండ్లకు మించరాదని ఉన్నది. అంటే సుమారు 3,175 కిలోలు. ప్రయాణికుల జాతి టైరును ట్రక్కుకు వేసినప్పుడు దాని శక్తిని 1.10తో భాగించి లెక్కించాలన్నది ఇక్కడి నియమం. అలా భాగించినా టైరుకు 1,136 కిలోలు, నాలుగింటికి 4,500 పైమాటే. ఇరుసుల మీద బరువు సమానంగా పడదన్న సంగతి లెక్కలోకి తీసుకొన్నా మాకు చాలినంత ఉన్నది. గుర్రాల బండినో పెద్ద ట్రైలరునో లాగేవారి సంగతి వేరు, వారికి ఎల్‌టీయే తగును.

ఎల్‌టీ టైరు బరువైనది, బిరుసైనది. అంతే బరువు మోయడానికి దానికి గాలీ ఎక్కువ నింపాలి. తొట్టి ఖాళీగా ఉన్న ట్రక్కుకు వెనుకభాగం మొదలే తేలిక. ఆ తేలిక భాగం కింద బిరుసు టైరు, దాని మీద 32లో 3 వంతుల రబ్బరు, కింద తొలకరి వానకు నూనె తేలిన రోడ్డు. మా 'డాన్సు'కు కావలసినవన్నీ సిద్ధంగానే ఉన్నాయన్నమాట. అందులో నా సలహా కూడా ఒకటి.

మైళ్ళ హామీ విషయంలోనూ ఈ జాతిభేదం కనబడుతుంది. టోయో వారి ఓపెన్ కంట్రీ ఏ/టీ-3కి ప్రయాణికుల జాతిలో 65,000 మైళ్ళ హామీ, ఎల్‌టీ జాతిలో 50,000. బీఎఫ్ గుడ్రిచ్ వారు 2024లో తెచ్చిన కేఓ3కి 50,000. గట్టిదని పేరుపడినది తారు మీద ముందు అరగవచ్చునన్నమాట. హామీని కూడా మనవాళ్ళు అనుకొన్నట్లు అనుకోకూడదు. 60,000 మైళ్ళు నడవకపోతే కొత్త టైరు ఊరికే ఇవ్వరు. నడవని మైళ్ళకు దామాషాగా కొత్తదాని ధరలో తగ్గింపు ఇస్తారు. అదీ టైర్ల స్థానాలు వేళకు మార్పించినట్లు రసీదులు చూపితే, నాలుగూ సమంగా అరిగితే. మావాడి దగ్గర ఒక్క రసీదూ లేదు. ముందువి 4, వెనుకవి 3 అయిన కారణం అదే.

ప్రయాణికుల జాతి టైర్ల పక్కగోడ మీద సాధారణంగా 'ట్రెడ్‌వేర్' అని ఒక అంకె ఉంటుంది. దానిని నిర్ణయించే పరీక్ష కూడా ఈ టెక్సాస్‌లోనే జరుగుతుందని తెలిసి ఆశ్చర్యపోయాను. ఇక్కడికి దాదాపు రెండువందల మైళ్ళ దూరంలో శాన్ ఏంజెలో ఊరి చుట్టూ 400 మైళ్ళ దారి నిర్ణయించారు. వాహనాలు వరుసగా పోతూ మొత్తం 7,200 మైళ్ళు తిరుగుతాయి. ప్రమాణంగా పెట్టుకొన్న టైరుకు 100 అనుకొంటే, 600 వచ్చినది ఆరు రెట్లు మన్నుతుందని లెక్క. అయితే అంకె వేసుకొనేది తయారీదారులే. ఒక కంపెనీ 600నూ మరొక కంపెనీ 600నూ ఒకే గాటన కట్టలేము. విద్యార్థి తన జవాబుపత్రం తానే దిద్దుకొన్నట్లు! ముప్పైరెండేళ్ళు పత్రాలు దిద్దినవాణ్ణి కనుక నా మనసు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. ఒకే కంపెనీ టైర్లలో ఏది మేలో తెలుసుకొనేందుకు పనికివస్తుంది. ఎల్‌టీ జాతికి ఈ అంకె వేయవలసిన నియమమే లేదు.

ఇప్పుడు నా పొదుపు లెక్క. కొత్త టైరు లోతు 32లో 13 వంతులనుకొందాము. చట్టం చెప్పిన 2 వంతుల దాకా వాడితే ఖర్చయ్యేది 11 వంతులు. వానకు భయపడి 4 వద్ద ఆపితే 9 వంతులు. అరుగుదల అంతటా ఒకే తీరున ఉండదు గాని స్థూలంగా 60,000 మైళ్ళ టైరుకు మనం నమ్మదగిన ఆయుష్షు 49,000 మైళ్ళు. వదులుకొన్నది పదకొండువేల మైళ్ళు. నాలుగు టైర్లకు వెయ్యి డాలర్లయితే, ఆ భాగం విలువ సుమారు 180 డాలర్లు. నేను మావాడికి ఆదా చేయబోయినది ఎక్కువలో ఎక్కువ ఇంతే. వెనుక సీట్లో పసిపిల్ల ఉన్నది.

దీనికి తోడు ఇంకొకటి. టెక్సాస్‌లో సొంత వాహనాలకు ఏటేటా జరిగే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి తీసివేశారు. అంతకుముందు ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు గాడి లోతు చూసేవారు. ఇప్పుడు చూడవలసినవాడు యజమాని ఒక్కడే. క్వార్టరు నాణెం మీద వాషింగ్టన్ తలను కిందికి పెట్టి గాడిలో నిలిపితే, తల పైభాగం గాడిలో మునగకపోతే 4 వంతుల కంటె తగ్గినట్లు. పెన్నీ మీద లింకన్‌తో చూసేది 2 వంతుల పరీక్ష. అందరూ లింకన్‌నే నమ్ముకొంటారు. నేను వాషింగ్టన్ పక్షం.

గాలి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ వారు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచారు. వాటిలో 'వైల్డర్‌నెస్ ఏటీ' అన్న పేరు కూడా ఉన్నది. అడవి పేరు పెట్టుకొని ఎక్కువగా పెద్దరోడ్ల మీదనే తిరిగిన టైర్లు. పరుగులో పైపొర ఊడిపోయి, వాహనాలు బోల్తాపడి రెండువందల మందికి పైగా చనిపోయారు. టైరు తయారీలో లోపం, తక్కువ గాలి, వేడి, వేగం అన్నిటి పాత్రా చర్చకు వచ్చింది. ఆ ఏడాదే వచ్చిన చట్టం ఫలితంగా, గాలి తగ్గితే దీపం వెలిగించే పరికరం తరువాత కొత్త కార్లకూ తేలికపాటి ట్రక్కులకూ తప్పనిసరి అయింది. అయితే ఆ దీపం వెలిగేది గాలి నాలుగోవంతు తగ్గిన తరువాతనే. 35 ఉండవలసినది 28 అయినా అది మౌనంగానే ఉంటుంది. నెలకొకసారి ఉదయం, బండి కదలకముందు, చేత్తో కొలవడమే శరణ్యం.

ఏ టైరూ చేయలేని పని కూడా చెప్పాలి. ఈ కొండప్రాంతాన్ని మెరుపువరదల దారి అంటారు. 2025 జూలై 4న గ్వాడలూప్ నది పొంగినప్పుడు ఒక్క కెర్ కౌంటీలోనే వందమందికి పైగా పోయారు. వాగు మీద నీరు పారుతుంటే గడ్డల టైరు ఉన్నది కదా అని దిగేవాడికి ఆ టైరే తెప్పగా మారి ప్రవాహంలోకి తీసుకుపోతుంది. మావాడి చేత ప్రమాణం చేయించుకొన్నాను.

కాస్త పక్కదారి. ఇంగ్లీషులో 'టైరు' అన్న మాటకు మొదటి అర్థం రబ్బరుది కాదు, బండిచక్రపు ఇనుప పట్టా. అలంకరణ, దుస్తులు అనే అర్థమున్న 'అటైర్' నుంచి అది వచ్చి ఉంటుందని నిఘంటుకారుల అభిప్రాయం. మనకు సంస్కృతంలో నాభి, అరలు, నేమి అని చక్రానికి అన్ని పేర్లూ ఉన్నాయి గాని, తొడుగును వస్త్రంగా చూసిన ఊహ వారిదే. మా ఊరి కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కించి నీళ్ళు పోసేవాడు. అది చల్లారి బిగుసుకొనే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది. తరువాత టైరుబండ్లు వచ్చి ఎద్దుల మెడలకు కొంత సుఖం కలిగింది.

మొత్తానికి పోయిన మంగళవారం నాలుగు టైర్లూ మార్పించాము. ప్రయాణికుల జాతి, శాంతమూర్తి, 60,000 మైళ్ళ హామీ. కంపెనీ పేరు చెబితే ప్రకటన అవుతుందని చెప్పడం లేదు. బిగించేముందు పక్కగోడ మీది చివరి నాలుగంకెలు నేనే చదివాను. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. ఒకటి మాత్రం తక్కినవాటికంటె మూడేళ్ళు పాతది. ఈ ఎండలకు వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. వేరేది తెప్పించమన్నాము, తెప్పించారు.

ఇంటికి వచ్చాక ఒక నోటుపుస్తకం తీసి, తేదీ, మైళ్ళ అంకె, నాలుగింటి లోతులు వ్రాసిపెట్టాను. ఆరువేల మైళ్ళకొకసారి వెనుకవి నేరుగా ముందుకు, ముందువి అడ్డంగా మార్చి వెనుకకు వేయించాలని మొదటి పుటలోనే బొమ్మగీశాను. కొలతపుల్ల మనవరాలి చేతికిచ్చాను. "తాతయ్యా, 13" అని నాలుగుసార్లు అరిచింది.

నేను వచ్చే నెల హైదరాబాదు తిరిగి వస్తున్నాను. మిషిగన్, కొలరాడో వంటి మంచు ప్రాంతాలలో ఉన్న మన తెలుగు మిత్రులు పక్కగోడ మీద మూడు శిఖరాలు, మంచుపువ్వు గుర్తున్న సర్వభూమి టైర్లు వాడి ఉంటే, మూడో చలికాలానికి అవి ఎంత పట్టు చూపాయో వ్రాయండి. మావాడు డిసెంబరులో డెన్వరు దాకా ట్రక్కులోనే పోతానంటున్నాడు.